క్లారియన్‌కి అప్లై చేస్తున్నాను. స్కాలర్‌షిప్ గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది, సలహా కావాలి

ఒంగోలు_రాతలు

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. రాత్రిళ్ళు ఇంగ్లీషులో కథలు రాస్తాను, ఎక్కువగా సైన్స్ ఫిక్షన్. తెలుగులో ఎందుకు రాయవని అడుగుతారు. నేను చదివిన ఆ రకం కథలన్నీ ఇంగ్లీషులోనే దొరికాయి, చెయ్యి అందులోనే తిరిగింది.

ఈసారి అమెరికాలో క్లారియన్ అనే కథా రచన వర్క్‌షాప్‌కి పంపుదామని ఉంది. ఆరు వారాలు అక్కడే ఉండి రాయాలి. దరఖాస్తుకి రెండు కథలు, ఒక్కోటి 2,500 నుంచి 6,000 పదాల మధ్య. ఒకటి రెడీ, రెండోది సగంలో ఉంది. ఖర్చు మాత్రం వేల డాలర్లు. మా ఇంట్లో అంత డబ్బు ఒక్కసారిగా ఎప్పుడూ ఎవరూ చూడలేదు. ఆక్టేవియా బట్లర్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత్రి పేరు మీద ఒక స్కాలర్‌షిప్ ఉందని తెలిసింది. శ్వేతజాతీయులు కాని రచయితలకి ఇస్తారు, కావాలంటే దరఖాస్తులో ఆ గడిలో టిక్ పెట్టాలి.

నా సమస్య ఏంటంటే, నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి రోజు ర్యాంకెంత అని అడిగారు. చెప్పాను. అప్పుడు వాళ్ళ ముఖాలు మారిన తీరు ఇంకా మర్చిపోలేదు. తర్వాత నాలుగేళ్ళూ నాకు ఏ మార్కు వచ్చినా అందరూ ఒకటే కారణం చెప్పారు. కథలు రాయడం ఒక్కటే ఆ మాట అంటని పనిగా నాకు మిగిలింది. ఇప్పుడు ఇక్కడ కూడా టిక్ పెడితే, సీటు వచ్చినా ఆ మాట మళ్ళీ వెనకాలే వస్తుందేమోనని భయం.

పెట్టాలా, వద్దా? పెట్టకపోతే వెళ్ళలేను. పెడితే ఏమవుతుందో అని టెన్షన్.

సియాటిల్_వాన

చెల్లీ, ముందుగా ఒక విషయం. సీటు వేరు, స్కాలర్‌షిప్ వేరు. వాళ్ళు చదివేది నీ కథల్ని. కథలు నచ్చితేనే సీటు. స్కాలర్‌షిప్ మాట ఆ సీటు వచ్చాకే. ఆ గడి నీ కథకి ఒక్క మార్కు కూడా కలపదు. నీకు వచ్చిన సీట్లోకి వెళ్ళి కూర్చోవడానికి దారి ఖర్చు, అంతే.

రెండు వర్క్‌షాపులున్నాయి, కలగాపులగం చేసుకోకు. మొదటిది క్లారియన్. 1968లో పెన్సిల్వేనియాలో అదే పేరున్న చిన్న ఊరి కాలేజీలో రాబిన్ స్కాట్ విల్సన్ మొదలుపెట్టారు. తర్వాత చాలా ఏళ్ళు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో జరిగింది, 2007 నుంచి శాన్ డియాగోకి మారింది. రెండోది మా ఊళ్ళో, సియాటిల్‌లో ఉన్న క్లారియన్ వెస్ట్. మొదటి క్లారియన్‌లో చదువుకున్న వోండా మెకిన్‌టైర్ 1971లో దీన్ని ఇక్కడ పెట్టారు. బట్లర్ స్కాలర్‌షిప్ రెండింటికీ వర్తిస్తుంది. రెండింటికీ పంపు.

పద్దెనిమిది మంది దాకా తీసుకుంటారు. వారానికో టీచరు. చలికాలంలో దరఖాస్తులు, వేసవిలో క్లాసులు. ఇక్కడ వేసవిలో ఆ టీచర్లు ఊరివాళ్ళ కోసం కథలు చదివి వినిపిస్తారు, నేను కొన్నిసార్లు వెళ్ళాను. వెనక వరసల్లో ఆ ఏటి విద్యార్థులు కూర్చుంటారు. నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉంటాయి, కానీ వాళ్ళ ముఖాల్లో ఉన్న సంతోషం నేను ఇంకెక్కడా చూడలేదు. మనవాళ్ళ ముఖం కనిపిస్తుందేమోనని ప్రతిసారీ వెతుక్కుంటాను.

కృష్ణలంక

నా అభిప్రాయం వేరు, మనసులో ఉన్నది చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. సాయం అవసరమైనవాళ్ళకి డబ్బు ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆదాయం చూసి ఇవ్వాలి, చర్మం రంగు చూసి కాదు. కథకి రంగేముంటుంది? మా నాన్న ఆటో నడిపి నన్ను చదివించారు. నాకు ఏ గడీ లేదు. ఎవరిని తప్పుపట్టాలో తెలియక ఊరుకున్నాను. ఈ అమ్మాయి వెళ్ళాలనే కోరుకుంటున్నాను. ఏర్పాటు మాత్రం సరైనది కాదనిపిస్తోంది.

పాత_పుస్తకాలు

అమ్మాయీ, నేను రిటైరైన లెక్చరర్ని. నీ పోస్టు నిన్న రాత్రి చదివాక నిద్ర పట్టలేదు. ఆ గడి ఎవరి పేరు మీద ఉందో ఆమె సంగతి కొంచెం చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఆక్టేవియా బట్లర్ 1947లో కాలిఫోర్నియాలోని పసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లకు పాలిష్ పెట్టేవాడు, ఆమె చిన్నతనంలోనే పోయాడు. తల్లి ఇళ్ళలో పనిమనిషి. యజమానుల ఇళ్ళలో పారేసే పుస్తకాలు తల్లి తెచ్చిపెడితే చదువుకుంది. 1970లో బస్సెక్కి, దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు ప్రయాణం చేసి పెన్సిల్వేనియాలోని క్లారియన్‌కు వెళ్ళింది. పంపించింది హార్లన్ ఎలిసన్ అనే రచయిత. అక్కడ ఆమెకు పాఠం చెప్పినవాళ్ళలో శామ్యూల్ డెలానీ ఒకడు, నల్లజాతి రచయిత. అలాంటివాళ్ళు ఆ రంగంలో అప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు.

ఆ ఆరు వారాల్లో రెండు కథలు అమ్ముడయ్యాయి. ఇక దారి దొరికిందని అనుకుంది. ఆ తర్వాత అయిదేళ్ళు ఒక్కటి కూడా అమ్ముడు కాలేదు. గిన్నెలు కడిగింది, ఫోన్లో సరుకులు అమ్మింది, బంగాళాదుంప చిప్స్ ఫ్యాక్టరీలో చిప్స్ తనిఖీ చేసింది. తెల్లవారుజామున రెండింటికి లేచి రాసి, తర్వాత పనికి పోయేది. మొదటి నవల 1976లో వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆమె కాగితాలన్నీ కాలిఫోర్నియాలో హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో 1988 నాటి నోటుబుక్కు ఒకటి ఉంది. దాని అట్ట లోపలి వైపు తన కోరికలన్నీ జరిగి తీరే పనుల్లా రాసుకుంది. నా పుస్తకాలు లక్షలమంది చదువుతారని రాసుకుంది. ఆ వరసలోనే ఒక వాక్యం: పేద నల్లజాతి పిల్లలను క్లారియన్‌కు, మరో రచనా శిక్షణకు పంపుతాను. చివర, అలాగే జరుగుగాక, జరిగేలా చూడు, అని తనకు తానే ఆజ్ఞ ఇచ్చుకుంది.

అప్పటికి ఆమె దగ్గర పెద్దగా డబ్బు లేదు. మెకార్థర్ ఫెలోషిప్ అనే పెద్ద గౌరవం వచ్చింది 1995లో, 2 లక్షల 95 వేల డాలర్లు. సైన్స్ ఫిక్షన్ రచయితకు అది రావడం అదే మొదలు. 2006 ఫిబ్రవరిలో యాభై ఎనిమిదేళ్ళకే పోయింది. అదే ఏడాది కార్ల్ బ్రాండన్ సొసైటీ అనే సంస్థ వాళ్ళు ఆమె పేరున ఈ స్కాలర్‌షిప్ పెట్టారు, 2007 నుంచి ఇస్తున్నారు. మొదటి ఏడాది క్లారియన్‌కు వెళ్ళిన వ్యక్తి శ్వేతా నారాయణ్, మన దేశపు మూలాలున్న రచయిత.

నువ్వు టిక్ పెట్టబోయేది ఎవరో ఆఫీసరు గీసిన గడిలో కాదమ్మా. డబ్బులేని ఒక రచయిత్రి తన నోటుబుక్కు అట్ట మీద రాసుకున్న మాటలో.

ఇంకొక్కటి. మా తాతగారు వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఆయన జీవితాంతం ఆ ఏడు ఇళ్ళ పేర్లు వరసగా చెప్పేవారు, గర్వంగా. దాన్ని ఎవరూ తక్కువగా చూడలేదు. నువ్వూ చూడకు.

వరంగల్_వాకిలి

పాత_పుస్తకాలు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. బట్లర్ నోటుబుక్కు సంగతి చెప్పినందుకు దండం. అయితే వారాల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఏడు ఇళ్ళ గడపలు మా తాతకు తెరుచుకోలేదు. ఆకలి ఇద్దరిదీ ఒకటే, పిలుపు మాత్రం ఒక్కరికే వచ్చింది. మీ తాతగారు గర్వంగా చెప్పుకోగలిగారంటే, ఆ సాయం ఆయన్ను తక్కువ చేసే పేరుతో రాలేదు కాబట్టి. ఈ చెల్లెకు వచ్చిన ప్రతి సాయానికీ ముందే ఒక పేరు అంటించి ఇచ్చారు. సిగ్గు ఆమెలో పుట్టింది కాదు, బయటివాళ్ళు పెట్టింది.

కృష్ణలంక అన్నా, ఆదాయం చూసి ఇవ్వాలన్నది సబబైన మాటే. అలా ఇచ్చేవి కూడా ఉన్నాయి, ఆ వర్క్‌షాపులే ఆర్థిక అవసరం చూసి ఫీజు తగ్గిస్తాయి, చెల్లె వాటికీ అడగాలి. కానీ డబ్బు ఒక్కటే అడ్డం కాదు. 1950లలో అమెరికా సైన్స్ ఫిక్షన్ అభిమానుల్లో కార్ల్ బ్రాండన్ అని ఒక నల్లజాతి కుర్రవాడు పత్రికల్లో రాసేవాడు, అందరూ మెచ్చుకునేవారు. తర్వాత తెలిసింది, అలాంటి మనిషే లేడు. టెర్రీ కార్, ఇంకొందరు తెల్ల కుర్రవాళ్ళు కలిసి పుట్టించిన పేరు అది. నిజమైన మనిషి ఎంత అరుదో చూడండి. 1999లో విస్కాన్ అనే సదస్సులో మాట్లాడుకుని, ఈ స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థను పెట్టుకున్నవాళ్ళు తమకు ఆ పేరే పెట్టుకున్నారు. ఊహల్లో మాత్రమే ఉన్న మనిషికి నిజమైన మనుషుల్ని తోడు తేవడం వాళ్ళ పని.

అయినా నాకూ ఒక ప్రశ్న ఉంది, దాచను. అమెరికాలో నిలబడి చూస్తే హైదరాబాద్‌లో నాలుగు ఇళ్ళున్న కుటుంబం పిల్ల, హాస్టల్లో పెరిగిన ఈ చెల్లె, ఇద్దరూ ఒకే రంగు. ఒకే గడి. అక్కడి లెక్కకు కులం కనిపించదు. మన దేశం నుంచి ఇలాంటి అవకాశాలు ఎవరికి ఎక్కువగా అందుతున్నాయో మనం అడగాలి. ఇంగ్లీషు ముందుగా ఏ ఇళ్ళకు వచ్చిందో మనకు తెలుసు కదా.

సియాటిల్_వాన

మీరు అడిగింది ముఖ్యమైన మాట అన్నా. ఇక్కడ కొంచెం మారుతోంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం ఇదే. ఆ సమయంలో ఇక్కడి మనవాళ్ళ మధ్య ఎంత గొడవ జరిగిందో నేను కళ్ళారా చూశాను. కొందరు స్నేహితులతో ఇప్పటికీ మాటల్లేవు. నేను ఆ నిర్ణయం వైపే నిలబడ్డాను.

బట్లర్ స్కాలర్లలో మిమి మండల్ పేరు చెప్పాలి. 2015లో క్లారియన్ వెస్ట్‌కి వచ్చారు. కోల్‌కతాకి చెందిన దళిత రచయిత్రి, ఆ సంగతి తనే బాహాటంగా రాశారు. రెండేళ్ళ తర్వాత, రచయితలు బట్లర్‌ని ఉద్దేశించి రాసిన ఉత్తరాలను, వ్యాసాలను పుస్తకంగా తేవడంలో ఒక సంపాదకురాలు ఆమె. 2018లో, సైన్స్ ఫిక్షన్‌లో పెద్దదైన హ్యూగో అవార్డు తుది జాబితాలో ఆ పుస్తకం నిలిచింది. ఆమెకన్నా మూడేళ్ళు ముందు, 2012లో, కోల్‌కతాకే చెందిన ఇంద్ర దాస్ కూడా ఇదే స్కాలర్‌షిప్‌తో ఇక్కడికి వచ్చారు. మన రెండు రాష్ట్రాల వాళ్ళూ రావాలని నా కోరిక.

కృష్ణలంక

వరంగల్_వాకిలి గారూ, వారాల గురించి మీరు రాసినది చదివి చాలాసేపు ఆలోచించాను. మా ఇంట్లోనూ ఆ కథలు వింటూ పెరిగాను. ఎవరికి పిలుపు రాలేదన్న ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. అది నిజం, ఒప్పుకుంటున్నాను.

ఆదాయం సంగతి మాత్రం వదలను. గడిలో రంగుతో పాటు అదీ ఉండాలి. మీరు చెప్పిన నాలుగు ఇళ్ళ పిల్ల విషయంలో మీ మాటా నా మాటా ఒకటే అనుకుంటున్నాను.

వరంగల్_వాకిలి

అవునన్నా, అక్కడ ఒకటే.

మేపుల్_చెట్టు

బోస్టన్ నుంచి రాస్తున్నాను. నాది కవిత్వం. మీ చర్చకి పక్కనే ఉన్న సంగతులు రెండు.

మాకు ఉత్తరాన వెర్మాంట్‌లో బ్రెడ్ లోఫ్ అని రచయితల సమావేశం ఉంది, 1926 నుంచి. కొండల మధ్య పది రోజులు. అక్కడ చాలాకాలం ఒక పద్ధతి ఉండేది. స్కాలర్‌షిప్ మీద వచ్చిన యువ రచయితలే భోజనాల హాల్లో మిగతా అందరికీ వడ్డించేవారు. దాన్ని గౌరవంగా చెప్పుకునేవాళ్ళున్నారు, పెద్ద రచయితలు కొందరు అలా వడ్డించినవాళ్ళే. కానీ డబ్బు కట్టినవాళ్ళు కూర్చుని, కట్టలేనివాళ్ళు నిలబడి వడ్డించే హాలు ఎలా ఉంటుందో ఊహించండి. అందులో వడ్డించే చేతుల రంగు కూడా చూడండి. చివరికి ఆ పద్ధతి తీసేశారు. ఒంగోలు చెల్లీ, ఏ స్కాలర్‌షిప్‌కైనా అడగాల్సిన ప్రశ్న ఇదే: సాయం అందుకున్న మనిషి అక్కడ అందరితో పాటు ఒకే పంక్తిలో కూర్చుంటుందా?

రెండోది. వాళ్ళ గదిలో మనకో సీటు ఒక పద్ధతి. మన గదే మనం కట్టుకోవడం ఇంకో పద్ధతి. టోయ్ డెరికాట్, కొర్నీలియస్ ఈడీ అనే ఇద్దరు నల్లజాతి కవులు 1996లో కేవ్ కానెమ్ అనే సంస్థ మొదలుపెట్టారు, నల్లజాతి కవుల కోసమే. 2004లో ఆసియా మూలాల అమెరికన్ రచయితల కోసం కుండిమాన్ వచ్చింది. అంతకుముందే 1999లో అన్ని రంగులవాళ్ళకూ కలిపి వోనా వచ్చింది.

తేడా నాకు అనుభవంలో తెలిసింది. ఒక వర్క్‌షాప్‌లో గదిలో నేనొక్కదాన్నే. అక్కడి పద్ధతిలో అందరూ వరసగా మన రాతపై మాట్లాడేదాకా రాసినవాళ్ళు నోరు తెరవకూడదు. క్లారియన్‌లోనూ చాలాకాలం ఇదే పద్ధతి నడిచింది. నా కవితలో మేనమామ అని ఒక మాట ఉంది. తొమ్మిదిమంది వరసగా దాని మీదే ఆగారు. మామ అంటే తల్లి తమ్ముడా, భర్త తండ్రా, పెళ్ళి ప్రస్తావన ఎందుకు వచ్చింది అని. నా వంతు వచ్చేసరికి కవిత గురించి అడగడానికి టైం మిగల్లేదు. తర్వాత మనలాంటివాళ్ళే ఉన్న గదిలో అదే కవిత చదివాను. ఆ మాట దగ్గర ఎవరూ ఆగలేదు. మూడో చరణం బలహీనంగా ఉందన్నారు. నిజంగానే బలహీనంగా ఉంది. ఎన్నో నెలలుగా నాకు కావాల్సిన మాట అదే.

అందుకని క్లారియన్‌కి వెళ్ళొద్దని కాదు. వెళ్ళేముందు ఇది తెలిసి ఉండాలని.

ఒంగోలు_రాతలు

ఇన్ని సమాధానాలు వస్తాయని అనుకోలేదు. ఆఫీసులో లంచ్ టైంలో చదువుతూ కన్నీళ్ళు ఆగలేదు, బాత్రూంకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

మేపుల్_చెట్టు అక్కా, నా కథలో హాస్టల్ ట్రంకుపెట్టె ఉంది. దాని మీద పెయింటుతో పేరు, నంబరు రాస్తారు. నా నంబరు 41. వాళ్ళకి అర్థం కాదేమోనని తీసేద్దామనుకున్నాను.

మేపుల్_చెట్టు

తీయొద్దు! వివరించనూ వద్దు. పెట్టె తెరిచి అందులో ఏముందో చూపించు. నంబరు దానంతట అదే తెలుస్తుంది.

వీసా_క్యూ

డబ్బు గురించి, గౌరవం గురించి అందరూ చెప్పారు. నేను కాగితాల గురించి చెప్తాను, ఎందుకంటే నా అవకాశం అక్కడే పోయింది. కొన్నేళ్ళ క్రితం వేరే దేశంలో ఒక సదస్సుకి నన్ను ఎంపిక చేశారు. ఫీజు మాఫీ. సంతోషంలో మిగతావేవీ చూసుకోలేదు. టికెట్ నాదే, వీసా నాదే, అక్కడి ఇన్సూరెన్స్ నాదే. వీసా ఇంటర్వ్యూకి తేదీ దొరికేసరికి సదస్సు అయిపోయింది. ఆ ఆహ్వాన లేఖ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

కాబట్టి తమ్ముడి మాట అనుకో అక్కా. స్కాలర్‌షిప్ వచ్చిన రోజే వాళ్ళకి ఈమెయిల్ పెట్టి అడుగు: ఫీజు మాత్రమేనా, బస, తిండి కూడానా? ప్రయాణానికి ఏమైనా ఇస్తారా? నాకు ఏ వీసా కావాలి? ఆహ్వాన లేఖ ఎప్పటికి పంపుతారు? సమాధానాలు రాతలో ఉండాలి. పాస్‌పోర్టు లేకపోతే కథ పూర్తయ్యేదాకా ఆగకుండా రేపే అప్లై చెయ్యి. ఆరు వారాల సెలవు గురించి మీ మేనేజర్‌తో ముందే మాట్లాడు, జీతం లేని సెలవైనా సరే రాతలో తీసుకో.

ప్రయాణానికి ఇంకో దారి. కాన్ ఆర్ బస్ట్ అని ఉంది. 2009లో మొదలైంది, మొదట కార్ల్ బ్రాండన్ సొసైటీ నీడలోనే నడిచింది, ఇప్పుడు డ్రీమ్ ఫౌండ్రీ అనే సంస్థ నడుపుతోంది. శ్వేతజాతీయులు కాని అభిమానులు, రచయితలు సైన్స్ ఫిక్షన్ సదస్సులకు వెళ్ళడానికి డబ్బు సాయం చేస్తారు. ఆరు వారాల వర్క్‌షాప్ కుదరని వాళ్ళకి నాలుగు రోజుల సదస్సు కుదరొచ్చు. ఈ థ్రెడ్ చదువుతూ రాయకుండా ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నాను.

సియాటిల్_వాన

వీసా మాట బాగా చెప్పావు తమ్ముడూ. ఇంకొకటి కలుపుతాను. క్లారియన్ వెస్ట్ కొన్ని ఏళ్ళలో ఆన్‌లైన్‌లో కూడా జరిగింది. ఆ ఏటి ప్రకటనలో ఎలా ఉందో చూసుకో. ఆన్‌లైన్ అయితే టికెట్, వీసా ఉండవు కానీ మన టైంకి అర్ధరాత్రి క్లాసులు. అందరితో కలిసి వంటింట్లో నిలబడి మాట్లాడే మాటలు దొరకవు. ఎదురుగా కూర్చోవడమే మేలని నా అభిప్రాయం, కానీ తలుపు ఏ రూపంలో తెరుచుకున్నా లోపలికి వెళ్ళు.

పాత_పుస్తకాలు

వరంగల్_వాకిలి గారికి. మీరు చెప్పింది సత్యం. ఆ ఏడు ఇళ్ళ పేర్లు నేనూ పిల్లలకు చెబుతూ వచ్చాను, ఎనిమిదో మాట చెప్పలేదు. ఇకనుంచి చెబుతాను.

అమ్మాయీ, దరఖాస్తు ఫీజు సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు వర్క్‌షాపులకూ కలిపి నేను కడతాను, కార్డు మా అబ్బాయిది ఉంది. మొహమాటపడకు. మా తాతగారికి ఎవరో ఏడుగురు పెట్టారు, అందులో ఒక్క పూట నేను తీరుస్తున్నాననుకో.

ఒంగోలు_రాతలు

పాత_పుస్తకాలు గారూ, మీరు ఆ మాట అన్నారు, నాకదే చాలు. దరఖాస్తు ఫీజు వరకు నా జీతంలో పెట్టుకోగలను, పెట్టుకోవాలని ఉంది కూడా. మీ డబ్బు ఇక్కడ రాయకుండా చదువుతున్న ఇంకెవరికైనా ఇవ్వండి. ఉండే ఉంటారు.

టిక్ పెట్టాను. నిన్న రాత్రి పదకొండున్నరకి. పెట్టేటప్పుడు కాలేజీలో మొదటి రోజు గుర్తుకు రాలేదు, ఆ నోటుబుక్కు అట్ట గుర్తొచ్చింది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో నా గురించి రాయమన్న చోట హాస్టల్ పేరు కూడా రాశాను. ఇంతకుముందు ఏ ఫారంలోనూ, ఏ ఇంటర్వ్యూలోనూ అడగకుండా చెప్పలేదు.

పాస్‌పోర్టుకి స్లాట్ బుక్ చేశాను, వచ్చే గురువారం.

ఇప్పుడు అసలు కష్టం. రెండో కథ 6,400 పదాలు వచ్చింది. నాలుగు వందలు కొయ్యాలి. ట్రంకుపెట్టె భాగం తప్ప ఏది తీసేసినా ఫర్వాలేదు. ఎవరైనా చదివి ఎక్కడ కొయ్యాలో చెప్తారా?

మేపుల్_చెట్టు

నాకు పంపు.

కృష్ణలంక

నాకూ పంపండి. సైన్స్ ఫిక్షన్ పెద్దగా తెలియదు, కానీ పత్రికలో ప్రూఫులు దిద్దే పని పదేళ్ళు చేశాను. నాలుగు వందల పదాలు ఎక్కడున్నాయో పట్టుకుంటాను. ఆదివారం సాయంత్రానికి తిరిగి ఇస్తాను.